నాలుగు గంటల చాయ్‌కి సన్నాయి

మా ముత్తాత తొమ్మిది ఊళ్లకు దేశ్‌ముఖ్. ఆయన కచేరీకి వెళ్తే తాలూక్‌దారు కుర్చీలోంచి లేచేవాడని మా ఇంట్లో చెప్పుకునేవారు. ఆయన కొడుకు, అంటే మా తాత, పెద్దదొర. తాత నాటికి ఊళ్లు నాలుగే మిగిలాయి గానీ, మా కోటలాంటి ఇల్లు గడి ముందు నుంచి చెప్పులు తొడుక్కుని నడిచే మనిషి ఆ నాలుగూళ్లలో లేడు. మా బాపు చిన్నదొర. ఆయనకు ఆ పిలుపు ఒక్కటి మిగిలింది. నేను ముప్పై ఎనిమిదేళ్లు ఇతరులకు చాయ్ అందించి రిటైరయ్యాను.

చెప్పుల సంగతి తీసెయ్యమని మా అమ్మాయి అంది. అది గొప్పగా చెప్పుకునే విషయం కాదని నాకూ తెలుసు. కానీ అది లేకపోతే నేను చెప్పబోయేది మీకు అర్థం కాదు.

హోటల్ పని నేర్చుకుని కొత్తగా ఉద్యోగాల్లో చేరుతున్న పిల్లలు నన్ను అప్పుడప్పుడు అడుగుతుంటారు, ఇన్నేళ్లలో మరచిపోలేని రోజు ఏది సార్ అని. ఏ మంత్రిగారో నా చేతి చాయ్ మెచ్చుకున్న రోజు చెప్తాననుకుంటారు. అలాంటివి ఉన్నాయి, అవి మీకు పనికిరావు. నేను నోరు తెరిచి ఒక్క మాట అనాల్సిన చోట అనకుండా ఊరుకున్న ఒక ఆదివారం ఉంది. దాని గురించే రాస్తున్నాను.

ముందు నేను ఈ పనిలోకి ఎలా వచ్చానో చెప్పాలి. రైతుకూలీ సంఘాలు దొరల మీద తిరగబడిన రోజుల్లో మేము ఊరు విడిచి కరీంనగర్‌లో ఒక కిరాయి ఇంట్లో దిగాం. నా దగ్గర డిగ్రీ ఉంది, పనిచేసిన అలవాటు లేదు. బాపు స్నేహితుడొకాయన నన్ను ఆదిలాబాద్ జిల్లాలో ఒక ఫ్యాక్టరీ గెస్ట్‌హౌస్‌కు తీసుకెళ్లాడు. ఈ అబ్బాయికి ఏం వచ్చని అక్కడి అధికారి అడిగితే, కప్పు ఎట్లా పట్టుకోవాలో తెలుసునని చెప్పాడట. అప్పటికి నాకు వచ్చిన విద్య నిజంగా అదొక్కటే. మా తాత దగ్గర నేర్చుకున్నాను.

పెద్దదొరకు హైదరాబాద్‌లో అంటుకున్న అలవాటు అది. రోజూ నాలుగింటికి గడి ముందు వసారాలో పేము కుర్చీ వేసేవారు. పింగాణీ కెటిల్, కప్పు, రేకు డబ్బాలో వచ్చిన ఉస్మానియా బిస్కట్లు. వాకిలికి అవతల, కింది అరుగు మీద సన్నాయి మేళం కూర్చునేది. కెటిల్ వసారాలోకి రాగానే సన్నాయి మొదలవ్వాలి. తాతకు భీంపలాస్ రాగం ఇష్టం, పొద్దు వాలే వేళకు అదే సరైనదనేవాడు. ఆయన తాగడం అయిపోయి కప్పును సాసర్‌లో బోర్లించేదాకా ఇంకెవరూ చాయ్ ముట్టకూడదు. పిల్లలమైన మేమూ, లెక్కలు రాసే గుమాస్తా, మేళం వాళ్లూ అందరూ ఆగాల్సిందే. ఆయన లోపలికి పోయాక మేళం వాళ్లకు ఇచ్చేవారు. వాళ్ల గ్లాసులు పశువుల కొట్టం చూరులో దోపి ఉండేవి. బాగా ఊదిన రోజు తాత ఏమీ అనేవాడు కాదు. ఎక్కడైనా స్వరం తప్పితే ముఖం పక్కకు తిప్పి ఎడమ చెయ్యి కొద్దిగా పైకెత్తేవాడు. అంతే, మేళం సామాను సర్దుకుని వెళ్లిపోయేది.

నేను ఆయన పక్కన చిన్న పీట మీద కూర్చుని ఇదంతా చూసేవాణ్ని. సంగీతమూ చాయ్ కలిసి ఉంటే ఎంత హాయిగా ఉంటుందో నాకు ఆ పీట మీదే తెలిసింది. ఆగి ఉన్నవాళ్ల సంగతి అప్పుడు తోచలేదు.

గెస్ట్‌హౌస్‌లో పందొమ్మిదేళ్లు చేసి కరీంనగర్ వచ్చాను. రెండు హోటళ్లు మారాక, చివరి ఉద్యోగం ఒక కొత్త హోటల్‌లో. రెస్టారెంట్ మేనేజర్ అన్నారు. నల్ల కోటు వేసుకుని తలుపు దగ్గర నిలబడే పని. నా నడుము వంగదు. చాలామంది వచ్చినవాళ్లు నేనే యజమాననుకుని నాకు నమస్కారం పెట్టేవారు. అసలు యజమాని నాకంటే పాతికేళ్లు చిన్నవాడు, రైతు బిడ్డ. దుబాయ్‌లో ఒక పెద్ద హోటల్‌లో గిన్నెలు కడగడంతో మొదలుపెట్టి పదహారేళ్లలో వంటశాలకు పెద్దయ్యాడు. తిరిగొచ్చి, తనతోపాటు అక్కడ పనిచేసిన ఇద్దరిని కలుపుకుని ఈ హోటల్ కట్టాడు. నన్ను సార్ అనేవాడు. నేనూ అతన్ని సార్ అనేవాణ్ని. మొదట్లో నాకు ఆ మాట గొంతులో అడ్డం పడేది. తర్వాత అలవాటైంది.

దుబాయ్‌లో సాయంత్రం చాయ్ అంటే పెద్ద తతంగమని అతను చెప్పేవాడు. మూడంతస్తుల స్టాండు మీద తినుబండారాలు పెడతారు, పక్కన ఎవరో పియానో వాయిస్తుంటారు, జనం రెండు గంటలు కూర్చుంటారు. అలాంటిది మన దగ్గర ఆదివారాలు ఎందుకు పెట్టకూడదని అతని కోరిక. స్టాండ్లు తెప్పించాడు. కింది అంతస్తులో సకినాలు, నడుమ దోసకాయ సాండ్‌విచ్‌లు, పైన గరిజెలు. సర్వపిండిని ముక్కోణాలుగా కోసి పెట్టించింది నేను. సాండ్‌విచ్‌లు ఎవరూ తినలేదు. పాలు వేరే, చాయ్ వేరే ఇస్తే, ఇదేందయ్యా మేమే కలుపుకోవాల్నా అని ఒక రైసుమిల్లు యజమాని భార్య కోప్పడింది. రెండో వారం నుంచి అల్లం వేసి మరిగించిన చాయే కెటిళ్లలో పోశాం.

పియానో వచ్చినవాడు దొరకలేదు. కీబోర్డు వాయించే కుర్రవాణ్ని పెడితే సినిమా పాటలు మొదలుపెట్టాడు. గెస్టులు అతనితో కలిసి పాడారు. ఇది చాయ్ హాలా, పెళ్లి బారాతా అని యజమాని తల పట్టుకున్నాడు. తర్వాత అతనే ఎవరి పెళ్లికో వెళ్లి ఐదు నిమిషాలు సన్నాయి విని, ఊదిన మనిషిని మరుసటి రోజే రమ్మన్నాడు.

ఆ మనిషి సన్నాయి సంచీ భుజాన వేసుకుని హాల్లోకి వచ్చాడు. నా వయసువాడే. నన్ను చూసి తలుపు దగ్గరే ఆగిపోయాడు. నేను రెండడుగులు వేశానో లేదో, చెప్పులు విడిచి, భుజం మీది తువ్వాలు తీసి చంకలో పెట్టుకున్నాడు.

"పెద్దదొర మనుమడే గద. నడక సూసి గుర్తువట్టిన దొరా," అన్నాడు.

అప్పుడు నేనూ గుర్తుపట్టాను. మా గడిలో సన్నాయి ఊదినాయన కొడుకు. తండ్రి ఊదుతుంటే పక్కన కూర్చుని శ్రుతి పట్టేవాడు. నేను పీట మీద, అతను అరుగు మీద. రోజూ ఎదురెదురుగా ఉండేవాళ్లం, ఒక్క రోజూ మాట్లాడుకోలేదు. ఊరు విడిచిపెట్టి కరీంనగర్‌లో మేనల్లుడి బ్యాండ్ సెట్‌తో తిరుగుతున్నానని చెప్పాడు. ఊరెందుకు విడిచావని నేను అడగలేదు. నన్ను దొరా అని ఎవరైనా పిలిచి అప్పటికి ముప్పై ఏళ్లయింది. ఆ మాట దగ్గరే నా చెవి ఆగిపోయింది.

సన్నాయి పెద్ద గొంతున్న వాద్యం. నాలుగు గోడల మధ్య ఊదితే కప్పులు కూడా అదురుతాయని నేను భయపడ్డాను. అతను హాలంతా ఒకసారి తిరిగి చూసి, తోటవైపు కిటికీ దగ్గర కూర్చుంటానన్నాడు. సన్నాయి గొట్టంలో గుడ్డ పీలిక దోపాడు. ఫోన్‌లో శ్రుతి పెట్టుకున్నాడు. మొదటి ఆదివారం భీంపలాస్ ఎత్తుకుంటే, బల్లల దగ్గర మాటలు ఒక్కొక్కటిగా తగ్గిపోయాయి. అందరూ పెళ్లిళ్లలో మైకులో విన్నవాళ్లే. సన్నాయి ఇంత మెల్లగా మాట్లాడుతుందని ఎవరికీ తెలియదు. ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు బిస్కట్ చాయ్‌లో ముంచి, ఎత్తడం మరిచిపోయి, అది కప్పు అడుగుకు పోయేదాకా అలాగే కళ్లు మూసుకుని ఉన్నాడు. ఆ పెద్దమనిషి తర్వాత ఒక్క ఆదివారం కూడా మానలేదు.

మూడు నెలలు అలా గడిచాయి. నా ఉద్యోగ జీవితంలో అంత మంచి సాయంత్రాలు ఇంకెప్పుడూ లేవు. బయట బస్టాండ్ రోడ్డు రొద, లోపల అల్లం వాసన, గరిజె కొరికిన చప్పుడు, వాటి మీదుగా ఆ రాగం. నేను తలుపు దగ్గర చేతులు వెనక కట్టుకుని నిలబడి వినేవాణ్ని.

ఒకసారి హాలు ఖాళీ అయ్యాక అతను సన్నాయి తుడుచుకుంటూ నాతో అన్న మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

"పెండ్లిళ్ల పుస్తె కట్టెటప్పుడు ఐదు నిమిషాలు ఊదుమంటరు దొరా. ఎనుక డీజే ఎదురుసూస్తుంటది. ఈడ రాగం మొదలువెట్టినకాడికెల్లి ఒడిసెదాంక ఊదనిస్తున్రు. మా బాపు పోయినంక నేను పూర రాగం ఊదింది ఈ హాల్లనే. ఈ జాగ జర నాకు ఉండనిస్తే సాలు."

అతను అడిగింది అంతే. కూర్చుని ఒక రాగం మొత్తం ఊదుకునే చోటు.

ఇప్పుడు నా తప్పు దగ్గరికి వస్తాను. ఊదేవాళ్లకు నోరు ఎండకూడదు. సన్నాయి కొసన గడ్డితో చేసిన చిన్న పీక ఉంటుంది, అది తడిగా ఉంటేనే పలుకుతుంది. మా హాల్లో ఏసీ గాలి సరిగ్గా కిటికీ మీదుగా దిగేది. అందుకని యజమాని మొదటి వారమే చెప్పాడు, ఆయన పక్కన ఒక ట్రేలో చాయ్, వేడినీళ్లు పెట్టమని. పెట్టాం. ట్రే ఎలా వెళ్లిందో అలాగే తిరిగి వచ్చేది. చాయ్ మీద మీగడ కట్టి ఉండేది.

వడ్డించేవాళ్లలో ఆసిఫాబాద్ పిల్ల ఒకర్తె ఉండేది. చురుకైనది, నోరు ఊరుకోదు. సన్నాయి ఊదే మనిషి కూతుర్ని ఆ ఊళ్లోనే ఇచ్చారు, అందుకని అతన్ని తాతా అని పిలిచేది. ఆమె నా దగ్గరికి వచ్చి, "తాత ఎందుకు తాగుతలేడో మీకెర్కేనా సార్?" అంది.

తెలియదన్నాను.

"మీరు తాగినంకనే తాగుతడట. మీరేమో డ్యూటీల తాగరు. గాయన ఎన్నడు తాగాలె?"

నాకు తెలుసు. ఆమె చెప్పకముందు, మొదటి వారమే తెలుసు. డ్యూటీలో ఉన్న మేనేజర్ హాల్లో కప్పు ఎత్తకూడదన్నది నేను పెట్టిన నియమమే. అతనికి ఆ నియమం వర్తించదు. నువ్వు తాగు అని ఒక్క మాట అంటే సరిపోయేది. లేదా నేనే అతనికి కనబడేలా నిలబడి రెండు గుక్కలు తాగినా చాలు. నేను రెండూ చెయ్యలేదు. ఊదేటప్పుడు మధ్యలో అతను కళ్లెత్తి నావైపు చూసేవాడు. ఆ చూపు కోసం నేను వారమంతా ఎదురుచూసేవాణ్ని, ఇది రాయడానికి నాకు సిగ్గుగా ఉంది. ఊళ్లు పోయాయి, ఇల్లు పోయింది. ఇంకా నా కప్పు కోసం ఆగే మనిషి భూమ్మీద ఒకడున్నాడు. నేను ఆ హోటల్ కప్పు ఎత్తి తాగితే అదీ పోతుంది.

ఆ మాట తేలిగ్గా తీసేసి, ఆ పిల్లతో తన బల్లలు చూసుకోమన్నాను.

వేసవి మొదలయ్యాక యజమాని నన్ను పిలిచి విషయం చెప్పాడు. భాగస్వాములిద్దరూ సన్నాయి ఎందుకు, స్పీకర్లు పెట్టుకుందామంటున్నారట. ఒక్కసారి వచ్చి విని, ఆ తర్వాత ఏదో ఒకటి తేల్చమని ఇతను ఒప్పించాడు. వచ్చే ఆదివారం వస్తున్నారు. నచ్చితే అతను మా హోటల్ మనిషి, ప్రతి సాయంత్రం ఊదుతాడు. నచ్చకపోతే ఆ రోజే ఆఖరు.

ఆ మాట అతనికి నేనే చెప్పాను. ఆదివారం అతను తెల్లటి కొత్త ధోవతి కట్టుకుని, గడ్డం గీయించుకుని మూడింటికే వచ్చాడు. సన్నాయికి నూనె పట్టించాడు. నాలుగు పీకలు తెచ్చి కిటికీ గట్టు మీద వరసగా పెట్టుకున్నాడు.

నాలుగింటికి వస్తామన్న భాగస్వాములు రాలేదు. దారిలో ఉన్నారని ఫోన్ వచ్చింది. వాళ్లు తలుపు తీసేసరికి సన్నాయి వినబడాలని యజమాని ఆశ. ఆపకుండా ఊదమని చెప్పించాడు. మామూలుగా అతను అరగంట ఊది, కొంచెం ఆగి, మళ్లీ అరగంట ఊదేవాడు. ఆగినప్పుడు తోటలోకి వెళ్లి పంపు దగ్గర నీళ్లు తాగేవాడని నాకు ఆ తర్వాత తెలిసింది. ఆ రోజు ఆగలేదు. నాలుగున్నర అయింది, ఐదయింది. బయట ఎండ మండిపోతోంది, లోపల ఏసీ పూర్తిగా పెట్టాం. హాలు నిండుగా ఉంది. హెడ్మాస్టరు ముందు బల్ల దగ్గర కూర్చున్నాడు. అతను మోహన ఊదాడు, హిందోళం ఊదాడు. భీంపలాస్ మాత్రం వాళ్లు వచ్చాక ఊదుదామని దాచుకున్నాడు.

పక్కన ట్రే ఉంది. అతను నాలుకతో పెదాలు తడుపుకోవడం నేను తలుపు దగ్గర్నుంచి చూస్తూనే ఉన్నాను. రెండుసార్లు నావైపు చూశాడు. ఆసిఫాబాద్ పిల్ల చేతిలో కెటిల్‌తో నా పక్కన వచ్చి నిలబడింది.

"సార్, తాత నోరు ఎండిపోతుంది. జర మీరొక మాట చెప్పుండ్రి."

"గెస్టులున్నరు. తర్వాత," అన్నాను.

"నేను ఒక కప్పు పోస్త, మీరు ఈన్నే నిలవడి తాగుండ్రి. ఎవ్వరు సూడరు."

"నీ పని నువ్వు చూస్కో."

ఆమె నా ముఖంలోకి ఒక్క క్షణం చూసి వెళ్లిపోయింది. ముప్పై ఏడేళ్ల సర్వీసు చేసినవాణ్ని, పని నేర్చుకుని ఏడాది కాని పిల్ల నన్ను అలా చూడటం నాకు నచ్చలేదు. ఆ కోపంలో ఇంకా బిగుసుకున్నాను.

ఐదున్నరకు భాగస్వాములు వచ్చారు. యజమాని వాళ్లను ముందుకు తీసుకొచ్చి కూర్చోబెట్టాడు. నన్ను పరిచయం చేస్తూ, సార్ వాళ్లు పెద్ద గడీ వాళ్లు అన్నాడు. వాళ్లలో ఒకాయన నన్ను కింది నుంచి పైదాకా చూసి, అందుకే సార్ గట్ల నిలవడ్డడా అని నవ్వాడు. చాయ్ పోశారు. అతను భీంపలాస్ ఎత్తుకున్నాడు.

మొదటి పది నిమిషాలు బాగానే సాగింది. భాగస్వాములు ఫోన్లు బల్ల మీద బోర్లా పెట్టారు. రాగం పై స్థాయికి పోతున్నప్పుడు సన్నాయి ఒకసారి కీచుమంది. అతను ఆగి, పీక మార్చి, నోట్లో పెట్టుకున్నాడు. తడపడానికి నోట్లో తడి ఉండాలి కదా. మళ్లీ ఊదాడు. ఉత్త గాలి వచ్చింది. ఇంకో పీక మార్చాడు. మళ్లీ గాలే. మెడ నరాలు ఉబ్బి కనిపిస్తున్నాయి. శ్రుతి మాత్రం ఫోన్‌లో అదే పనిగా మోగుతూనే ఉంది. ఎవరి పాపో కిసుక్కున నవ్వితే తల్లి నోరు మూసింది. హెడ్మాస్టరు చప్పట్లు కొట్టాడు, పాపం, గౌరవంగానే. ఇంకో నలుగురు కొట్టారు.

అతను సన్నాయి కింద పెట్టి లేచాడు. తువ్వాలు తీసి నడుముకు చుట్టుకున్నాడు. యజమాని దగ్గరికి వెళ్లలేదు, భాగస్వాముల వైపు చూడలేదు. బల్లల మధ్య నుంచి నడుచుకుంటూ నేరుగా నా దగ్గరికి వచ్చాడు. అంతమందీ చూస్తుండగా వంగి నా బూట్లు ముట్టుకున్నాడు.

"తప్పైంది దొరా. మీ ముంగట రాగం ఇరిగింది," అన్నాడు. గొంతు పేలికలా ఉంది.

ఆ క్షణంలో నేను అతన్ని లేవనెత్తి ఉండాల్సింది. అతని చేతికి ఒక గ్లాసు నీళ్లు ఇవ్వాల్సింది. నేనేం చేశానంటే, ముఖం పక్కకు తిప్పి, ఎడమ చెయ్యి కొద్దిగా పైకెత్తాను.

ఆలోచించి చేసింది కాదు. కానీ చెయ్యి నాది. అతను ఆ సైగ గుర్తుపట్టాడు. సన్నాయి, పీకలు, ఫోన్ సంచీలో వేసుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని వెళ్లిపోయాడు. కిటికీ దగ్గర ట్రే మిగిలింది.

హాలు ఖాళీ అయ్యాక యజమాని నన్ను గదిలోకి పిలిచాడు. రాగం విరిగినందుకు భాగస్వాములు వద్దన్నారని చెప్తాడనుకున్నాను. అప్పుడు నా మాటగా ఏం చెప్పాలో కూడా అనుకుని వెళ్లాను.

"వాళ్లకు నచ్చింది సార్. ముసలాయన, నోరెండింది, ఏమైతది అన్నరు. గిట్లయితే నాకే వద్దు," అన్నాడు.

ఎందుకని అడిగాను.

"మా బాపు గట్లనే వంగుతుండె ఒక గడి ముంగట. తువ్వాల నడుముకు సుట్టుకోని. నేను పక్కపొంటి నిలవడి సూసిన. మళ్ల సూడొద్దనే గంత దూరం పోయి గిన్నెలు కడిగిన. నేను కట్టుకున్న హోటల్ల, నా ముంగటనే సూసుడయింది సార్."

నేను తప్పు నాదన్నాను. అనుకున్నంత గట్టిగా రాలేదు ఆ మాట.

"ఎవల తప్పని నేను అడుగుతలేను సార్. మీరు పోయి ఆయనను తీస్కరాండ్రి. ఆ కిటికీ కాడ టేబుల్ ఏపిస్త. ఇద్దరు ఎదురెదురు కుర్చీలల్ల కూసోని చాయ్ తాగుండ్రి, మేమందరం సూస్తం. మళ్ల ఎల్లుండికెల్లే ఊదుమంట. మీరు పొమ్మన్నంక నేనెట్ల తేవాలె?"

మంచి మాట. అంతకంటే మంచి మాట నాతో ఎవరూ అనలేదు. సరేనన్నాను.

నేను వెళ్లలేదు. ఇదీ నా ఉద్యోగ జీవితంలో జరిగిన సంగతి. ఆ వారం పెళ్లిళ్ల బుకింగులు ఎక్కువన్నాను. తర్వాత ఎండలన్నాను. అతను ఉండే మేనల్లుడి ఇల్లు మా హోటల్‌కు రెండు కిలోమీటర్లు. వానలు మొదలయ్యాక మోకాలు నొప్పి అన్నాను. నిజానికి నేను ఆ బల్ల దగ్గర కూర్చోవడాన్ని ప్రతి రాత్రీ ఊహించుకునేవాణ్ని. వడ్డించేవాళ్లంతా వరసగా నిలబడి చూస్తుంటారు, అతను నా ఎదురుగా కుర్చీలో, ఇద్దరం ఒకేసారి కప్పులు ఎత్తుతాం. ఇంతవరకు ఊహించాక, అతనికి సమానంగా కూర్చోవడానికి నా నడుము వంగేది కాదు. యజమాని రెండుసార్లు అడిగాడు. మూడోసారి అడగలేదు. గోడలకు స్పీకర్లు బిగించారు. హెడ్మాస్టరు రెండు ఆదివారాలు వచ్చి మానేశాడు. దసరా తర్వాత స్టాండ్లు స్టోరులోకి వెళ్లాయి, హాలు పుట్టినరోజు పార్టీలకు ఇవ్వడం మొదలైంది. మరుసటి మార్చిలో నేను రిటైరయ్యాను. దండ వేసి, శాలువా కప్పారు. అందరికంటే చివర వచ్చిన ఆసిఫాబాద్ పిల్ల ఒక చీటీ నా చేతిలో పెట్టింది. అతను కూతురి ఇంటికి వెళ్లిపోయాడు, ఆ చిరునామా.

అప్పుడు వెళ్లాను. పెద్దపల్లిలో రైలెక్కి, ఊరికి దగ్గరి స్టేషన్‌లో దిగి, ఆసిఫాబాద్ దాకా ఆటోలో. దారంతా పత్తి చేలు. కూతురి ఇల్లు ఒక వరసలో గోడకు గోడ ఆనుకుని ఉన్న ఇళ్లలో ఒకటి. అతను ముందు గదిలో నులక మంచం మీద పడుకుని ఉన్నాడు. నన్ను చూసి లేవబోయాడు. లేవొద్దంటే విన్లేదు. సగమయ్యాడు మనిషి.

నేను నిలబడే చెప్పాను. ఆ రోజు తప్పు నీది కాదు, నాది, నువ్వు తాగాలని నాకు తెలిసి కూడా చెప్పలేదు అన్నాను. అతను కంగారుపడి చేతులు ఊపాడు. గట్లనకుండ్రి దొరా, నేను పంపు కాడికి పోయి రావాల్సింది, నాదే తెలివితక్కువ అన్నాడు. కూతురు రెండు కప్పుల్లో చాయ్ తెచ్చింది. నేను మంచం మీద కూర్చుని, పక్కన కూర్చోమన్నాను. చాలాసేపటికి మంచం పట్టె మీద కొసన ఆనుకున్నాడు. తాగాం. ఆమె చక్కెర ఎక్కువ వేసింది. అది జరగడానికి నాకు అరవై మూడేళ్లు పట్టింది, జరిగాక ఏమీ మారలేదు.

ఊదుతున్నావా అని అడిగాను.

"ఏడ ఊదుదు దొరా? ఈ పక్క ఇంట్ల పిల్లలు సదువుకుంటరు, ఆ పక్క ఇంటాయన రాత్రి డ్యూటీ చేసొచ్చి పగలు పండుకుంటడు. గాలి కూడ ఇదివరకటి లెక్క లేదు. మొన్న ఒకనాడు అడవి దిక్కు పోయి ఊదిన. దగ్గు రావట్టింది, మలుపుకోని వచ్చిన."

ఊళ్లో తన ఇంటి ముందర అరుగు ఉండేదనీ, తెల్లారి లేచి దాని మీద కూర్చుని ఎంతసేపైనా ఊదుకునేవాణ్ననీ, ఎవరూ ఏమీ అనేవారు కాదనీ చెప్పాడు. అయితే ఆ ఇంటికే పో, నేను కూడా వచ్చి వింటాను అన్నాను. నిజంగానే అన్నాను. వారానికొకసారి బస్సెక్కి వెళ్లగలను, నాకిప్పుడు పనేముంది?

అతని కూతురు వాకిట్లో గిన్నెలు సర్దుతూ ఆగింది.

"ఆ ఇల్లేడున్నది దొరా? జాగ మీదేనాయె. కొన్నాయన కొడుకు గోదాం కడ్తానని కూలగొట్టిండు. మీకెర్క లేదా?" అన్నాడతను.

ఆ మాటలో నిష్ఠూరం లేదు. నాకు తెలిసే ఉంటుందని ఇన్నాళ్లూ అనుకున్నాడు, అంతే. అలా అనుకుంటూ కూడా నా ముందు చెప్పులు విడిచాడు.

నేను ఫ్యాక్టరీ గెస్ట్‌హౌస్‌లో ఉన్నప్పుడు మా పెదనాన్న కొడుకులు అమ్మకం కాగితాలు తెచ్చారు. మధ్యాహ్నం భోజనాలు వడ్డించే వేళ. చేతులు తుడుచుకుని, నిలబడే సంతకం పెట్టాను, ఏమేం అమ్ముతున్నామో చదవలేదు. ఆసిఫాబాద్ నుంచి వచ్చాక ఆ కాగితాల నకలు తీసి చదివాను. గడి, వెనక దొడ్డి, చింతల తోపు, దొడ్డి హద్దులో మేళం వాళ్లు కాపురముంటున్న మూడు ఇళ్ల స్థలం. అన్నీ కలిపి ఒకే అమ్మకం.